పప్పు ఉడికే నీళ్లు

వాకిట్లోనే నల్లా ఉన్న ఇల్లు దొరికిందని మా ఆయన చెప్పినప్పుడు నేను కోరుట్లలో అమ్మగారింటి పెరట్లో, తలనిండా కుంకుడు నురగతో, కళ్లు గట్టిగా మూసుకొని పీట మీద కూర్చొని ఉన్నాను. అల్లుడు వచ్చాడని అమ్మ లోపలినుంచి కేకేసేలోపే ఆయన పెరటి తలుపు దాకా వచ్చేశాడు.

"జగిత్యాలల ఇల్లు దొరికింది జానకీ. రెండు రూములు. వాకిట్లనే నల్లా."

కళ్లు తెరిచాను. కుంకుడు రసం కంట్లో పడింది. మంటకు ఏడుస్తూ, సంతోషానికి నవ్వుతూ చెంబుకోసం తడుముకుంటుంటే ఆయనే చెంబు అందుకొని నా మొహం మీద నీళ్లు పోశాడు. అమ్మ వచ్చి చూసి, చూడనట్టు లోపలికి పోయింది.

ఒక ఇల్లు దొరికితే అంత సంబరమా అంటే, మాకు అంతే. మా అత్తగారివాళ్లది బోయినపల్లి దగ్గర పల్లె. నక్సలైట్లు, మా వైపు మాటలో అన్నలు, దొరల పొలాల్లో ఎర్ర జెండాలు పాతిన ఏడాది ఇంటికి తాళం వేసి సిరిసిల్ల వచ్చారు. మామయ్య పురుషోత్తం రావు గారి పెదనాన్న కొడుకు జగపతి రావు గారి మేడ మీద మూడు గదుల్లో ఉంటున్నారు. వచ్చేపోయే చుట్టాలతో ఆ గదులు ఎప్పుడూ నిండే ఉంటాయి. కింద వీధంతా మరమగ్గాల మోత. శ్రావణంలో పెళ్లయి నేను ఆ ఇంట్లో కాలు పెట్టాను. మా ఆయన సుధాకర్ రావుకు జగిత్యాలలో కాలువల ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్ ఉద్యోగం. చీకటి పడితే ఆ రోడ్డు మీద బస్సు ఉంటుందో ఉండదో ఎవరూ చెప్పలేని రోజులు. అందుకని ఆయన శనివారం వచ్చి ఆదివారం సాయంత్రానికే వెళ్లిపోయేవాడు. ఆ కాస్త సమయంలోనూ పది మంది మధ్య మేము మాట్లాడుకున్నవి, "చాయ్ తాగుతారా", "చాలు" లాంటి మాటలే.

వేరుగా ఇల్లు తీసుకుంటామంటే మామయ్య ఏమీ అనలేదు. అత్తమ్మ రంగనాయకమ్మ మాత్రం ఒక షరతు పెట్టింది.

"ఇల్లు ఎంత చిన్నగుంటే నాకేంది. నీళ్లల్ల పప్పు ఉడకాలె. పప్పు ఉడకని నీళ్లు కడుపుల పోసుకొని కాపురం చేస్తమంటే నేనొప్ప. గట్లయితే కోడలు ఇక్కన్నే ఉంటది, నువ్వు ఐతారం ఐతారం అచ్చిపో."

అని, పాత రుమాలులో గుప్పెడు కందిపప్పు మూట కట్టి కొడుకు చేతిలో పెట్టింది. ఏ ఇల్లు చూసినా ముందు ఆ నీళ్లలో ఈ పప్పు ఉడకేసి చూడాలని, ఉడికితేనే బయానా ఇవ్వాలని చెప్పింది. నేను డిగ్రీ చదివినదాన్ని. నీళ్లను పరీక్షించడానికి పప్పు ఏమిటని లోపల నవ్వుకున్నాను. ఆ నవ్వు తర్వాత ఏమయిందో చెబుతాను.

కోరుట్లనుంచి ఇద్దరం జగిత్యాల వెళ్లాం. ఊరి చివర, మల్యాల రోడ్డు వైపు కొత్తగా ప్లాట్లు వేసిన చోట ఉంది ఇల్లు. ముందు భాగంలో ఇంటి ఓనరు రుక్కమ్మక్క, ఆమె భర్త యాదగిరి ఉంటారు. వెనక రెండు గదులు మాకు. మధ్య వాకిట్లో సిమెంటు గద్దె, దాని మీద ఇత్తడి నల్లా. మా ఆయన దాన్ని తిప్పాడు. నీళ్లు ధారగా పడ్డాయి. కట్టేశాడు. మళ్లీ తిప్పాడు. చేతిపంపు కొట్టి పెరిగిన నేనూ ఒకసారి తిప్పి చూశాను. ఒక్క వేలితో నీళ్లు వస్తున్నాయి, ఒక్క వేలితో ఆగిపోతున్నాయి. ఆ గద్దె పక్కన ఒక బంతి మొక్క పెట్టుకుంటే ఎలా ఉంటుందో అప్పుడే నా కళ్లకు కనిపించింది.

షరతు మాత్రం మరవలేదు. పప్పు మూట విప్పి, మా అత్తమ్మ మాట రుక్కమ్మక్కకు చెప్పాము. ఆమె నవ్వి, తన పొయ్యి మీదే గిన్నె పెట్టింది, నీళ్లు కూడా తనే పోసింది. మేము వాకిట్లో కూర్చొని ఆమె ఇచ్చిన చాయ్ తాగుతూ ఏ గదిలో మంచం, ఎక్కడ అద్దం అని మాట్లాడుకుంటున్నాం. కాసేపటికి పిలిచింది. పప్పు వేలితో నొక్కితే వెన్నలా కలిసిపోయింది. బయానా ఇచ్చేశాం. సిరిసిల్ల బస్సు కండక్టరు మా ఆయనకు తెలిసినవాడే. "ఇల్లు చూసినం, పప్పు ఉడికింది" అని అతనితో మామయ్యకు కబురు పంపాం.

దసరా వెళ్లగానే ఇంట్లో పాలు పొంగించాం.

మొదటి రోజు పొద్దున్నే నా కొత్త కాపురంలో నా కొత్త సబ్బుతో నల్లా కింద ముఖం కడుక్కున్నాను. సబ్బు రుద్దితే నురగ రాలేదు. ఇంకాస్త రుద్దాను. విరిగిన పాలలాంటి తెల్లటి ముక్కలు చేతులకు అంటుకున్నాయి. సబ్బు మంచిది కాదనుకొని వేరే సబ్బు తెప్పించాను. అదీ అంతే. తలస్నానం చేస్తే జుట్టు కొబ్బరిపీచులాగా చేతికి గరుకుగా తగిలింది, దువ్వెన మధ్యలోనే ఆగిపోయింది. చాయ్ పైన పొర కట్టింది. ఆరేసిన తువ్వాలు దండెం మీదనుంచి తీస్తే అట్టముక్కలాగా నిలబడింది. మా ఆయన దాన్ని గోడకు ఆనించి, "జానకీ, చూడు, ఇది పడకుండ నిలవడ్డది" అని పిలిచి చూపించాడు. ఇద్దరం నవ్వాం. అప్పటికి ఇంకా నవ్వొచ్చింది.

పప్పు దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆగింది. పెళ్లికి మేనమామ ఇచ్చిన కుక్కరు కూతల మీద కూతలు పెడుతూనే ఉంది, గ్యాసు అయిపోతుందని నేనే దించాను. మూత తీస్తే అడుగున పప్పు గింజకు గింజ విడివిడిగా ఉంది, పైన పసుపు నీళ్లు తేలుతున్నాయి. ఆయన ఆ పప్పుతోనే అన్నం తిని, బాగానే ఉందని, పప్పు పప్పులెక్క నీళ్లు నీళ్లలెక్క దేని రుచి దానికి తెలుస్తున్నదని అన్నాడు.

గిన్నె పట్టుకొని రుక్కమ్మక్క దగ్గరికి పోయాను. ఆమె ఒక్క చూపులోనే విషయం పట్టేసింది.

"నల్లా నీళ్లు పోసినవా ఏంది? గవి సౌడు నీళ్లు బిడ్డా. బోరు నీళ్లే ట్యాంకుకెక్కిచ్చి ఇడుస్తరు. గిన్నెలు తోముకోను, వాకిలి సల్లను."

మరి ఆ రోజు ఉడికింది కదా అన్నాను.

"మీరు పప్పుకు గదా అడిగింది. ఇంటికచ్చినోళ్లకు సౌడు నీళ్లిస్తనా? తాగే కడవల నీళ్లు పోసిన."

ఆమె తప్పేమీ లేదు. ఎవరింటికి వెళ్లినా నీళ్లు అడిగితే మంచి కడవలోనుంచే ముంచి ఇస్తారు. మా అమ్మయినా అంతే చేసేది. ఏ నీళ్లని అడగాలన్న తెలివి మా ఇద్దరిలో ఒక్కరికీ రాలేదు. మేము పరీక్షించింది ఇంటి నీళ్లను కాదు, ఆమె మర్యాదను.

ఇక సిరిసిల్లకు ఏమని చెప్పాలి? పప్పు ఉడికిందని కబురు వెళ్లిపోయింది. ఉడకలేదని ఇప్పుడంటే నా పెట్టె మళ్లీ ఆ మరమగ్గాల వీధికి చేరుతుంది. ఇద్దరం ఎదురెదురుగా కూర్చొని ఆలోచించాం. కొన్నాళ్లు చెప్పకుండా ఉందామని ఆయన అన్నాడు. నేను వెంటనే సరే అన్నాను. నిజానికి ఆయన అనకపోతే నేనే అనేదాన్ని.

రుక్కమ్మక్క వాళ్ల కడవ నీళ్లు మల్యాల దారిలో మైసయ్య బావినుంచి వస్తాయి. యాదగిరి సైకిలు మీద తెస్తాడు. మా ఆయన రెండు పాల క్యాన్లు కొని, లూనాకు చెరోపక్క తాళ్లతో కట్టి, తెల్లారేసరికి ఆ బావికి పోవడం మొదలుపెట్టాడు. వ్యవసాయానికి కరెంటు పొద్దున్నే కాసేపు ఇస్తారు. మోటరు నడుస్తున్నప్పుడే పైపు కింద క్యాన్లు నింపుకోవాలి.

దారిలో పోలీసులు మనుషులనూ సంచులనూ చూసి పంపేవారు. మొదటి వారంలోనే ఒక జవాను ఆయన్ని ఆపాడు. అతని అనుమానం న్యాయమైనదే. అడవిలో ఉన్నవాళ్లకు అన్నమో నీళ్లో మోసేవాళ్లు నిండు క్యాన్లతో పోయి వట్టివాటితో వస్తారు. ఈయన వట్టివాటితో పోయి నిండువాటితో వస్తున్నాడు. గుడుంబా అయి ఉంటుందని మూత తీసి వాసన చూశాడట. వాసన లేదు. మూతలో పోసుకొని తాగి చూశాడట. తాగి, తన సీసా ముందుకు చాపాడట. అప్పటినుంచి రోజూ ఆ సీసా నింపితేనే దారి.

ఒక ఆదివారం నేనూ లూనా వెనక కూర్చొని వెళ్లాను. మైసయ్య భార్య దేవవ్వ నన్ను చూసి నీళ్లకు ఆడమనిషి వచ్చిందని సంబరపడింది. పైపు ధార కింద తల పెట్టమంది. ఇంత సబ్బు రుద్దగానే అంత నురగ. జుట్టు పట్టులాగా జారింది. అంత సేపు నురగతో ఆడుకున్నది చిన్నప్పుడు తప్ప లేదు. దేవవ్వ ఉప్పు వేసి ఉడకబెట్టిన అనపకాయలు పెట్టింది. గట్టు మీద కూర్చొని ముగ్గురం గింజలు ఒలుచుకొని తిన్నాం, పొట్టు కోళ్లకు వేశాం. తిరిగి వచ్చేటప్పుడు లూనా మీద ఆయన వీపుకు నా తడి జుట్టు తగిలి చొక్కా అంతా తడిసింది. చలికి వణుకుతూ కూడా ఆయన మెల్లగానే నడిపాడు.

మైసయ్య వాళ్లది ఊరి బయటి వాడ. అత్తమ్మవాళ్ల పల్లెలో అలాంటి వాడవాళ్లు మా ఇంటి బావి గట్టు ఎక్కేవాళ్లు కాదని మా ఆయనే ఒకసారి చెప్పాడు. అందుకే ఎక్కడి నీళ్లన్న సంగతి కూడా మేము దాచవలసినవాటిలో చేరింది. మైసయ్య నీళ్లకు ఏమీ తీసుకోడు. మా ఆయన్ని "సారు" అంటాడు, "దొర" అనడు. ఆ పిలుపు మా ఆయనకు ఇష్టం. అది వినడానికే రోజూ పోతున్నాడా అని నేను ఆటపట్టించేదాన్ని.

కార్తీకంలో కబురు వచ్చింది. అత్తమ్మ వస్తున్నది, ఒక్క రోజు ఉండి ఇల్లు చూసుకొని మరునాడు పొద్దున బస్సుకు పోతుంది. ఆమె చూసి సరే అంటే కాపురం ఉంటుంది. లేకపోతే నన్ను వెంటబెట్టుకొనే పోతుంది.

నీళ్లు కడవ నిండా ఉన్నాయి. భయమల్లా ఇంటిని చూస్తేనే. అప్పటికి నల్లా నీళ్లు ఇల్లంతా తమ గుర్తులు పెట్టేశాయి. నల్లా చుట్టూ తెల్లటి గట్టి పెచ్చు. బకెట్టు లోపల గీతలు గీతలుగా మరకలు. పెళ్లికి వచ్చిన స్టీలు గిన్నెల మీద ఇచ్చినవాళ్ల పేర్లు చెక్కి ఉంటాయి కదా, ఆ పేర్లు తెల్లపొర కింద కనిపించడం లేదు. అద్దం మీద చుక్కలు. ఆ ముందురోజు చింతపండు నానబెట్టి పొద్దుగూకేదాకా తోమాను. పులుపు తగిలితే ఆ పొర ఊడుతుంది. మేనత్త పేరు, పెద్దమ్మ పేరు, మా నాన్న స్నేహితుల పేర్లు ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. నల్లా బంగారంలా మెరిసింది. నా వేళ్లు పులుపుకు తెల్లగా ముడతలు పడ్డాయి.

మొదటి బస్సుకే దిగింది అత్తమ్మ. ఒక చేతిలో సంచి, ఇంకో చేతిలో సిరిసిల్ల నీళ్ల క్యాను. ఎక్కడికి పోయినా తన నీళ్లు తనే తెచ్చుకోవడం పల్లె వదిలినప్పటినుంచి ఆమెకు అలవాటు. ఇల్లంతా తిరిగింది. నల్లా తిప్పి చూసింది, కట్టేసింది, మళ్లీ తిప్పింది. అచ్చం కొడుకులాగే. వాకిట్లో చెత్తకుండి దగ్గర కాసేపు నిలబడింది. మధ్యాహ్నం పప్పు, చిక్కుడుకాయ కూర, పచ్చిపులుసు చేశాను. పప్పు బావినీళ్లలో కమ్మగా ఉడికింది. ఆమె తిని, పప్పు మంచిగున్నదని, ఉప్పు ఇంకొంచెం పడాలని అంది. నేను వంటింట్లోకి పోయి ఒంటరిగా నవ్వుకొని వచ్చాను.

సాయంత్రం ఆయన ఆఫీసునుంచి వస్తూ కబురు తెచ్చాడు. రేపూ ఎల్లుండీ బంద్. ఎక్కడో ఎన్‌కౌంటర్ జరిగిందని అన్నలు పిలుపిచ్చారు. గోడల మీద కాగితాలు అంటించి ఉన్నాయి. బస్సులు డిపో దాటవు.

అత్తమ్మ సంచి సర్దుకోవడం ఆపి మంచం మీద కూర్చుంది. మా ఇద్దరి చూపులూ కడవ వైపు పోయాయి.

బంద్ మొదటి రోజు ఊరు చెట్టుకింద మేకలాగా పడుకుంది. దుకాణాలు మూత. రోడ్డు మీద కుక్కలే తిరిగాయి. అత్తమ్మ క్యాను పొద్దున్నే అయిపోయింది, ఆమె కూడా మా కడవలోవే తాగింది. నేను బియ్యం కడగడానికి నల్లా నీళ్లు, ఎసరుకు బావినీళ్లు అని లెక్కగా వాడాను. అత్తమ్మ తలస్నానం చేస్తానంటుందేమోనని రోజంతా భయపడ్డాను. అనలేదు. మడతపెట్టిన తువ్వాలు ఒకటి తీసుకొని, వంచి చూసి, మళ్లీ అక్కడే పెట్టింది.

రెండో రోజు పొద్దునకు కడవలో అడుగున మిగిలాయి. తాగడానికి సరిపోతాయి, వంటకు రావు. రుక్కమ్మక్కను అడగలేను, వాళ్ల కడవా అంతే ఉంది. ఆయన నన్ను ఇంటి వెనక్కి పిలిచి, లూనా లేకుండా చేన్ల వెంట నడిచి పోయి ఒక్క క్యాను తెస్తానని మెల్లగా చెప్పాడు. చొక్కా కూడా మార్చుకున్నాడు.

బంద్ రోజు చేన్ల మధ్య క్యాను పట్టుకొని నడిచే మనిషిని ఆ వైపువాళ్లూ అడుగుతారు, ఈ వైపువాళ్లూ అడుగుతారు. పేరు చెప్పమంటే పేరు చివర దొరవాళ్లని చెప్పే రావు ఉంది. అత్తమ్మ పప్పు మెత్తగా ఉండాలని ఈయన ఆ దారిలో పోవడమా? వద్దన్నాను. మరి పప్పు అన్నాడు. పప్పు సంగతి నేను చూసుకుంటానన్నాను. ఆయనకు అర్థమయింది. క్యాను కింద పెట్టేశాడు.

నల్లా తిప్పి గిన్నె నింపాను. అందులోనే పప్పు వేశాను. పొయ్యి మీద పెట్టినంతసేపు పెట్టి, గింజ గింజగా ఉన్నదాన్ని అలాగే పోపు వేసి, పీట వాల్చి, అత్తమ్మ పళ్లెంలో వడ్డించాను. తాగడానికి మాత్రం గ్లాసులో మిగిలిన బావినీళ్లు పెట్టాను. నేను చెప్పలేనిదాన్ని పళ్లెం చెబుతుందనుకున్నాను.

ఆమె కలిపి ముద్ద నోట్లో పెట్టుకుంది. పంటి కింద పప్పు పలికిన చప్పుడు నాకు వినిపించింది. నిదానంగా నమిలి మింగింది.

"నల్లా నీళ్లా?"

"అవునత్తమ్మా."

"మరి పప్పు ఉడికిందని కండక్టర్‌తోని చెప్పి పంపిండ్రు?"

చెప్పాను. రుక్కమ్మక్క పొయ్యి, రుక్కమ్మక్క గిన్నె, రుక్కమ్మక్క కడవ. అత్తమ్మ ముద్ద కలపడం ఆపి విన్నది. తర్వాత ఆమె భుజాలు కదలడం మొదలైంది. ఏడుస్తుందేమోనని దగ్గరికి జరిగాను. నవ్వుతున్నది. ఎడమచెయ్యి గోడకు ఆనించుకొని, కళ్ల నీళ్లు వచ్చేదాకా నవ్వింది.

"అంటే మీరు ఇల్లు చూసి రాలె. ఆమె కడవను చూసి అచ్చిండ్రు. ఊరు ఊరంతకు కాలువలు గీసే ఆఫీసుల కొలువు చేస్తడు, ఇంట్ల మాత్రం నీళ్లు క్యాన్లల్ల మోసుకచ్చుకుంటడు. మీ నాయినకు చెప్తే రెండు రోజులు నవ్వుతడు."

మా ఆయన తల వంచుకొని పప్పు గింజలు ఏరి పళ్లెం అంచున వరసగా పెడుతున్నాడు. అంతటితో అయిపోతుందనుకున్నాను.

"ఎవలి బాయి?" అంది.

ఆయన చెయ్యి ఆగింది. ఒక రైతుది అని ఏదో అనబోయాడు. ఒకటి దాచినందుకే ఇంత అయింది, ఇంకొకటి నావల్ల కాదనిపించింది. మైసయ్యదని, ఆయన భార్య పేరు దేవవ్వ అని చెప్పాను. ఏ వాడవాళ్లని ఆమె అడిగింది. ఈసారి ఆయనే చెప్పాడు.

వాకిట్లో నల్లా సరిగ్గా కట్టనట్టుంది, గద్దె మీద చుక్క చుక్క పడుతున్నది. అత్తమ్మ ముందు గ్లాసులో నీళ్లు సగం ఉన్నాయి. ఆమె దాని వైపే చూస్తున్నది. నా పెట్టె ఎక్కడ పెట్టానో గుర్తు చేసుకున్నాను. మంచం కింద ఉంది. అందులో చీరలు సర్దడానికి ఎంతసేపు పడుతుందా అని కూడా అనుకున్నాను.

"మన ఊర్ల పోశవ్వ యాదికున్నదారా?" అంది కొడుకుతో.

ఉందన్నాడు. కల్లంలో పనికి వచ్చే ముసలామె.

"వాళ్ల వాడ బాయి గిట్లాంటిదే. సౌడు. పప్పు ఉడకదు దొర్సానీ, ఒక్క కడవ పోయించు అని మన బాయి కాడ కింద నిలవడేది. గామె అడిగితెనే నాకు తెలిసింది, ఉడకని నీళ్లు గూడ ఉంటయని. ఎప్పుడన్న పోయించిన. పనుల పడి ఎప్పుడన్న పోయించలె. కడవ నెత్తిన పెట్టుకొని అట్లనే పోయేది."

గ్లాసు ఎత్తి, ఉన్న సగం తాగి, కింద పెట్టింది. పెరుగు వెయ్యమంది. వేశాను. పెరుగన్నంలో కూడా పప్పు గింజలు తగులుతుంటే ఓపిగ్గా నమిలి తిన్నది, ఒక్కటీ పక్కన పెట్టలేదు.

చెయ్యి కడుక్కొని వచ్చి మంచం మీద కూర్చున్నాక నన్ను పిలిచింది.

"అచ్చిన దినమే చూసిన బిడ్డా. చెత్తకుండిల అంత చింతపండు పిప్పి ఉన్నది. ఇద్దరున్న ఇంట్ల పులుసు అంతగనం ఎవలు తాగుతరు? గిన్నెలు తోమినవని తెలిసింది. తువ్వాల చూసిన, నీ నెత్తి చూసిన. ఎప్పుడు చెప్తవో అని కూసున్న."

చెప్తాననే అనుకున్నానని, కానీ సిరిసిల్ల పోవాల్సి వస్తుందని భయమేసిందని చెప్పాను. భయం అన్నప్పుడు నాకు ఏడుపు వచ్చింది. సిగ్గేసింది కూడా, ఇరవై రెండేళ్లు వచ్చి నీళ్ల దగ్గర ఏడవడమేమిటని. ఆమె నా జుట్టు చేతిలోకి తీసుకొని కొసలు చూసింది.

"నిన్ను తోలుకపోతే వీడు ఐతారం ఐతారం ఆ సిరిసిల్ల రోడ్డు మీద చీకట్ల పడి అస్తడు. గదిగూడ భయమే. ఉండుండ్రి. అంత మంచి నీళ్లున్న ఇంటికి తాళమేసి అచ్చినోళ్లం, ఈ నల్లాకు భయపడితే ఎట్ల?" కొడుకు వైపు తిరిగింది. "కాని నువ్వొక్కనివి పోకు బాయికి. దీన్ని ఎంబడి తీస్కపో. ఎనుక ఆడిమనిషి కూసుంటే ఎవలు అనుమానపడరు."

ఆయన చాలా బుద్ధిమంతుడిలాగా తలూపాడు. నేను నేల వైపు చూశాను. రోజూ పొద్దున్నే లూనా మీద ఇద్దరం పొమ్మని అత్తగారే ఆజ్ఞ ఇచ్చినప్పుడు ఏ కొత్తకోడలైనా నేల వైపే చూడాలి. లేకపోతే మొహం పట్టిస్తుంది.

సాయంత్రానికి రోడ్డు మీద ఒకటి రెండు సైకిళ్లు తిరిగాయి. కిరాణా కొట్టువాడు ఒక్క తలుపు తీశాడు. రేపటినుంచి బస్సులు నడుస్తాయని యాదగిరి వచ్చి చెప్పాడు. నేను అత్తమ్మ సంచి దగ్గర పెట్టాను. ఆమె అందులోనుంచి నా కోసమని తెచ్చిన కొత్త రైకగుడ్డ, రెండు ఎండుకొబ్బరి కుడుకలు బయటికి తీసి, చూసి, నా చేతికి ఇచ్చింది.

"ఇవి నీకు తెచ్చిన. నీకు మళ్ల తెస్త. ఒక ఆడిమనిషి కాడికి మొదటిసారి పోయేటప్పుడు వట్టి చేతులతోని పోవద్దు."

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆయనకు అయింది. "బాయికాడికి నువ్వస్తవా అమ్మా?" అన్నాడు.

"అస్త. వాళ్లింట్లకు రమ్మంటే మాత్రం రాను, ముందే చెప్తున్న. గట్టు మీద కూసుంట." మా ఇద్దరి వైపూ చూసింది. "ఎక్కనిస్తరా నన్ను?"

ఎక్కనిస్తారని, అనపకాయలు కూడా పెడతారని నేను చెప్పాను. దేవవ్వ తనను ఏమని పిలుస్తుందని అడిగింది. నన్ను అమ్మా అనే పిలుస్తుందని, దొరసాని అనదని చెప్పాను. అమ్మా అంటే మంచిదే అంది. అని, పాత రుమాలు అడిగి తీసుకొని డబ్బాలోని కందిపప్పు గుప్పెడు కాదు, నాలుగు గుప్పెళ్లు పోసి మూట కట్టింది. అందరికీ సరిపోవాలట.

"రేపు బస్సులు నడిచినా నేను పోను. పొద్దుగాల కరెంటచ్చే యాళ్లకు మనం ఆడ ఉండాలె. మీరిద్దరు బండి మీద రాండ్రి, నేను రిక్షల అస్త. గిన్నె, ఉప్పు, పసుపు, పచ్చిమిరపకాయలు మనయి. నీళ్లు వాళ్లయి. మూడు రాళ్లు పెట్టి అక్కన్నే పప్పు వండుదాం. ఈసారి ఏ నీళ్లల్ల ఉడుకుతున్నదో నేనే దగ్గరుండి చూస్త."